చేయి మొద్దుబారింది... వెన్నులో ఇచ్చిన ఇంజెక్షన్ వల్లేనా?

ప్రశ్న: మా అమ్మకు 54 ఏళ్లు. మూడు వారాల క్రితం కుడి రొమ్ముకు క్యాన్సర్ ఆపరేషన్ చేసి, చంకలో గ్రంథులు కూడా తీశారు. నొప్పి తెలియకుండా వెన్నులో ఎపిడ్యూరల్ ఇచ్చారు. ఆ సాయంత్రం కుడి కనురెప్ప వాలిపోయి, రాత్రికి మామూలైంది. ఇప్పుడు చంక నుంచి మోచేతి దాకా లోపలి వైపు స్పర్శ లేదు. సూది వల్ల నరం దెబ్బతిందా?

జవాబు: ముందు టెన్షన్ తగ్గించుకోండి. ఆ రెండింటికీ కారణాలు వేరు. రొమ్ము ఆపరేషన్‌కు ఎపిడ్యూరల్‌ను నడుము దగ్గర కాకుండా ఛాతీ వెనక, వెన్నులో పైభాగంలో ఇస్తారు, అక్కడి నుంచి మందు ఇంకాస్త పైకి పాకితే కంటికి వెళ్లే సన్నటి నరాలు కూడా కాసేపు మొద్దుబారి రెప్ప వాలుతుంది, కంటిపాప చిన్నదవుతుంది. దీన్ని హార్నర్ సిండ్రోమ్ అంటారు. మందు ప్రభావం తగ్గగానే అదే పోతుంది, మీ అమ్మగారికి పోయింది కూడా.

చేతి సంగతి వేరు. మీరు చెప్పిన చోటికి స్పర్శనిచ్చే నరం చంకలోంచే వెళ్తుంది. గ్రంథులు తీసేటప్పుడు అది సాగడమో తెగడమో చాలామందిలో జరిగేదే, కాబట్టి నా అనుమానం సూది మీద కాదు, చంక మీదే. ఆ నరాన్ని కాపాడారా, కోయాల్సి వచ్చిందా అని సర్జన్‌ను మొహమాటం లేకుండా అడగండి. సాగిన నరమైతే కొన్ని నెలల్లో కోలుకుంటుంది, తెగితే కొంత మొద్దుబారుడు మిగిలిపోవచ్చు. అక్కడ వేడి తెలియదు కాబట్టి కాపడం పెట్టకండి. మంటగా, కరెంటు షాకులా ఉంటే నరాల నొప్పికి మందులున్నాయి, ఓర్చుకోమని ఆమెకు చెప్పకండి. పట్టు తగ్గినా, వేళ్లు సరిగా కదలకపోయినా న్యూరాలజిస్టుకు చూపించాలి, ఎందుకంటే ఆపరేషన్ బల్ల మీద చేయి ఎక్కువసేపు చాచి ఉంచినప్పుడు భుజం దగ్గరి నరాలు సాగిపోతుంటాయి. మూడు వారాలు దాటాయి కనుక ఇప్పుడు నరాల పరీక్ష చేస్తే దెబ్బ ఎంతుందో బాగా తెలుస్తుంది.

ఎపిడ్యూరల్‌తో నిజంగా భయపడాల్సింది వెన్నులో రక్తం గడ్డకట్టడం, చీము పట్టడం. రెండూ చాలా అరుదు. రక్తం పలచబడే మందులు వాడేవారికి మొదటిదాని ముప్పు ఎక్కువ, అది సాధారణంగా తొలి రోజుల్లోనే బయటపడుతుంది. చీము మాత్రం వారాల తర్వాత కూడా రావచ్చు. కాబట్టి తీవ్రమైన వెన్నునొప్పి, జ్వరం, కాళ్లలో బలం తగ్గడం, మూత్రం ఆగిపోవడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఎమ్మారై ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లి, ఎపిడ్యూరల్ ఇచ్చారన్న మాట అక్కడ ముందుగా చెప్పండి. వెన్నుపాము నొక్కుకుపోతే గంటల్లోనే ఆపరేషన్ జరగాలి.