ఫొటో నీది, ముఖం వాళ్లది

పలాస

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

డయాలసిస్‌కి వెళ్లొచ్చే కిడ్నీ రోగుల బస్సు ఖర్చులకి చందాలు పోగుచేద్దామని నువ్వు చేసిన ఫ్లెక్సీని మీ అమ్మ ఫోన్లో చూపించింది. పని మంచిదే. ఫ్లెక్సీ మాత్రం నాకు నచ్చలేదు. మంచం మీద ఎముకల గూడులా పడున్న ఆ మనిషి మన ఉద్దానం మనిషి కాడు. ఆ కిటికీ, ఆ దుప్పటి చూస్తేనే తెలిసిపోతోంది, ఎక్కడో గూగుల్లో దొరికిన ఫొటో అని.

"మంచి పనికే కదా మావయ్యా" అంటావు. మంచి పని అని చట్టం వదిలెయ్యదమ్మా. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో విమర్శకీ, వార్తలు చెప్పడానికీ, సొంత చదువుకీ ఇంకొకరి ఫొటో అడక్కుండా వాడుకునే కొంత వెసులుబాటు ఉంది. చందాల ఫ్లెక్సీని అందులో ఇరికించడం కష్టం. అయినా చేతిలో ఫోనుంది, కళ్లెదురుగా ఊరుంది, ఇంకొకరి ఫొటో ఎందుకు?

ఏం తీయాలంటావా? వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు మెషిన్ పక్కన పడుకునే మనిషి ఇంటికి పొద్దున్నే వెళ్లు. ముఖం జోలికి పోకు, చెయ్యి చూడు. ఫిస్టులా వేసిన చోట, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపి కుట్టిన చోట, నరం తాడులా ఉబ్బి ఉంటుంది. ఏడింటిలోపు పక్కనుంచి పడే వెలుగులో ఆ ఉబ్బు బాగా తెలుస్తుంది, ఫ్లాష్ వాడకు. గూట్లో గీత పెట్టుకున్న నీళ్ల సీసా ఉంటే అదీ తియ్యి. రోజుకి అంతే తాగాలి మరి. గుమ్మం దాటితే కొబ్బరి తోట. ఆ మనిషి బొండాం తాగకూడదు, అందులోని పొటాషియం ఒంట్లో పెరిగితే గుండెకే ముప్పు. తను నాటిన చెట్టు కింద కూర్చుని ఆ సీసా చూసుకునే మనిషిని తీశావనుకో, ఎవరికీ ఏమీ వివరించక్కర్లేదు. ఏడుపు ముఖం చూసి ఐదొందలిచ్చేవాడు మళ్లీ రాడు. బస్సు చార్జీ వారం వారం కావాలి.

ఇంత చెబుతున్నాను గానీ నేనూ తప్పు చేసినవాణ్ణే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వెలిసిన మర్నాడు, కూలిన కొబ్బరి చెట్ల మధ్య తల పట్టుకుని కూర్చున్న ఒక ముసలమ్మని తీశాను. అడగలేదు. అడిగే పరిస్థితి కాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. రెండేళ్లకి ఒక సంస్థ అదే ఫొటోని వేరే రాష్ట్రం వరదల పేరుతో చందాలకి వాడింది. నా పేరు లేదు. ఫోన్ చేస్తే "పుణ్యకార్యానికి కూడా లెక్కలడుగుతారా?" అన్నారు. ఒళ్లు మండింది. ఆ మంట ఆరకముందే ముసలమ్మ మనవడు స్టూడియోకొచ్చి, "మా మామ్మ బొమ్మకి డబ్బులొచ్చాయట గదా బావూ, అవేటయ్యాయి?" అన్నాడు. ఏం చెప్పను?

చట్టం ప్రకారం ఆ ఫొటో నాది. నేను పోయాక కూడా ఇంకో 60 ఏళ్లు మా వాళ్లది. తోట పోగొట్టుకున్న ముసలమ్మకి కాపీరైట్‌లో రవ్వంత భాగం లేదు. ఇది న్యాయమని నేననను. 1876-78 కరువులో విల్లబీ హూపర్ అనే దొర మద్రాసు ప్రెసిడెన్సీలో బక్కచిక్కిన జనాన్ని గుంపులుగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. ఆయన పేరు నాబోటివాడికి కూడా తెలుసు. ఆ కూర్చున్నవాళ్లెవరో?

కాపీరైట్ చట్టం అడగకపోయినా, ఫొటోలో ఉండే మనిషిని నువ్వు అడుగు. డయాలసిస్ బెడ్ మీద ఉన్నప్పుడు మాత్రం వద్దు, పాపం ఎవరూ కాదనలేరు. ఇంటి దగ్గర, ఇంట్లోవాళ్లు కూడా ఉన్నప్పుడు అడుగు. ఫ్లెక్సీలో ఎలా పడుతుందో చూపించు. ఒప్పుకోలు కాగితం తెలుగులో రాసి పైకి చదువు. ఎన్నాళ్లు వాడతావో అందులో వెయ్యి, ఏడాది చాలు. వద్దంటే తీసేస్తానని కూడా రాయి. ఒక ప్రింటు వాళ్లకివ్వు.

ఇంకోటి. ఏదైనా సంస్థ నీకు డబ్బిచ్చి ఫొటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు కాపీరైట్ ఆ సంస్థదే అవుతుంది. అప్పుడు నువ్వు ఇంట్లోవాళ్లకిచ్చిన మాట గాలికి పోతుంది. పైసా తీసుకోకముందే ఆ షరతులన్నీ సంస్థ కాగితంలోనూ రాయించి సంతకం పెట్టించు.

ఆదివారం రా. కాశీబుగ్గ బస్టాండులో దిగి ఫోన్ చెయ్యి. నా పాత 50 ఎంఎం లెన్స్ ఉంది, బూజు పట్టకుండా బియ్యం డబ్బాలో దాచాను. మీ అత్తకి చెప్పకు.

మీ స్టూడియో మావయ్య