లీజు స్థలంలోని ఫ్లాటు కొనవచ్చా? విశాఖలో ఒకటి అమ్మినవాడిగా నా జవాబు

వన్‌టౌన్ వైపు లీజు స్థలంలో కట్టిన ఫ్లాటు చుట్టుపక్కల ధర కంటే బాగా తక్కువకు వస్తోందనీ, 99 ఏళ్ల లీజులో ఇంకా 46 ఏళ్లు ఉన్నాయనీ, కొనవచ్చా, రేపు అమ్ముకోవాలంటే కుదురుతుందా అనీ అడిగారు. కొనవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. అయితే మీరు డబ్బు పెడుతున్నది వేరే ఇద్దరి మధ్య ఎప్పుడో కుదిరిన ఒప్పందంలో ఒకరి స్థానం కోసం. అందుకే ఫ్లాటు గోడలకంటే ముందు ఆ ఒప్పందాన్ని చూడండి.

మహారాణిపేటలో మా నాన్నగారి ఇల్లు ఇలాంటిదే. స్థలం ఒక ట్రస్టుది, పైన ఇల్లు మాది. నాన్నగారు పోయాక అమ్మ, అక్క, నేను కలిసి అమ్మాం.

ముందు అసలు లీజు పత్రం సంగతి. అమ్మేవాళ్లు సాధారణంగా చూపించేది ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు, తాము కొన్నప్పటి కాగితం. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) రసీదులో పేరుంటే ఆయన పన్ను కడుతున్నారని తెలుస్తుంది, అంతవరకే. మా ఇల్లు చూడడానికి వచ్చిన ఒక పెద్దమనిషి ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) తీసుకుని, అందులో ఏమీ లేదు, అంతా శుభ్రంగా ఉందని సంబరపడ్డారు. మా లీజు 1974 నాటిది. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఈసీ 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో దరఖాస్తు పెట్టి పాత పుస్తకాల్లో వెతికించాలి. మీ 99 ఏళ్ల లీజు కూడా 1983కు ముందుదే అవుతుంది కాబట్టి ఆ పని తప్పదు. లీజు రిజిస్టరు అయిందో లేదో కూడా అక్కడే తేలుతుంది. ఏడాది దాటిన లీజు ఏదైనా రిజిస్టరు కావలసిందేనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్ చెబుతోంది. వట్టి స్టాంపు కాగితం మీద రాసుకున్న 99 ఏళ్ల లీజును ఎవరైనా చూపిస్తే టీ తాగి వచ్చేయండి.

పత్రం చేతికొచ్చాక బదలాయింపు షరతు ఎక్కడుందో వెతకండి. పత్రంలో వేరే ఏమీ రాసి లేకపోతే లీజుదారు తన హక్కును మరొకరికి ఇవ్వవచ్చని అదే చట్టం 108వ సెక్షన్ అంటుంది. కానీ రాయకుండా ఎవరు ఊరుకుంటారు? మా పత్రంలో యజమాని ముందస్తు లిఖితపూర్వక అనుమతి లేనిదే బదలాయింపు చెల్లదనీ, ఉల్లంఘిస్తే లీజు రద్దు చేసుకోవచ్చనీ ఉంది. 'అనుమతి తరువాత చూసుకుందాం, ముందు అడ్వాన్సు ఇవ్వండి' అనే బ్రోకరు మాట వినవద్దు.

ఫ్లాటు విషయంలో ఇంకో మెలిక ఉంది, ఇది విడి ఇల్లు కొనేవారికి రాదు. స్థలాన్ని లీజుకు తీసుకున్నది బిల్డరు అయితే మీకు రాసిచ్చేది చాలాసార్లు సబ్ లీజు, అంటే బిల్డరు లీజు కింద మరో లీజు. బిల్డరు షరతు తప్పి, ఆయన లీజును స్థలం యజమాని రద్దు చేస్తే దాని కింద ఉన్న సబ్ లీజులు కూడా పోతాయి. 115వ సెక్షన్ అదే చెబుతోంది. అద్దె బకాయి ఒక్కటే కారణమైతే వడ్డీతో, ఖర్చులతో కట్టి కోర్టును ఉపశమనం అడిగే వీలు 114లో ఉంది కానీ, ఆ తిరుగుడు పక్కవాడి బకాయి కోసం మీరెందుకు తిరగాలి? స్థలం అద్దె ఎవరి పేరున కడుతున్నారో, చివరి రసీదు ఏ సంవత్సరానిదో అసోసియేషన్‌ను అడగండి.

మాకు చిక్కు వచ్చింది ఈ అద్దె దగ్గరే. ట్రస్టు గుమాస్తా పెద్ద లెడ్జరు తీసి, వేలితో వరుస వెంట దిగుతూ కొన్ని సంవత్సరాల దగ్గర ఆగాడు. గడులు ఖాళీ. ఏడాదికి కొన్ని వందల రూపాయల అద్దె, దాని మీద వడ్డీ కలిపితే గుండె ఝల్లుమనే మొత్తం చెప్పాడు. అమ్మ ట్రంకు పెట్టెలోంచి తీగకు గుచ్చిన రసీదులు తీసింది. ఒక్క సంవత్సరం కూడా ఎగ్గొట్టలేదు. వాళ్లే ఎక్కించుకోలేదు. ఆ తీగ లేకపోతే కట్టిందే మళ్లీ కట్టేవాళ్లం. కొనేవారు స్థలం యజమాని నుంచి బకాయిలు లేవన్న ఉత్తరం తీసుకోవడం అందుకే అవసరం. బదలాయింపు రుసుము కూడా ఆ ఉత్తరంలోనే అంకెతో రాయించండి. మేము, కొన్నాయన చెరి సగం పెట్టుకున్నాం.

భూమి ప్రభుత్వానిదో, దేవాలయానిదో, వక్ఫ్‌దో అయితే రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద, రిజిస్టరు చేయకూడని భూముల నిషేధిత జాబితాలో ఉండవచ్చు. సర్వే నంబరుతో ముందే చూసుకోండి, లేకపోతే సబ్ రిజిస్ట్రార్ దగ్గర ఆగిపోతుంది. సింహాచలం దేవస్థానం భూములపై వచ్చిన పంచగ్రామాల గొడవను మాత్రం దీనితో కలపవద్దు, అది లీజు గడువు వ్యవహారం కాదు.

బ్యాంకులు సాధారణంగా రెండు అడుగుతాయి: తాకట్టుకు స్థలం యజమాని ఒప్పుకోలు, రుణం తీరాక కూడా కొన్నేళ్లు మిగిలే లీజు. మీకు ఈరోజు 46 ఏళ్లు ఉన్నాయి కాబట్టి 20 ఏళ్ల రుణానికి ఇబ్బంది ఉండకపోవచ్చు. కానీ 25 ఏళ్ల తరువాత మీరు అమ్మబోయే మనిషికి 21 ఏళ్లే మిగులుతాయి, ఆయనకు రుణం దొరకడం కష్టం. నా లెక్కలో తక్కువ ధరకు అసలు కారణం ఇదే. మీరు అక్కడే ఉండిపోవాలనుకుంటే కొనండి. పదేళ్లలో అమ్మేసే ఆలోచన ఉన్నా పరవాలేదు. పిల్లలకు మిగల్చాలని కొంటే మాత్రం నాకు నచ్చదు. పొడిగింపు షరతులో 'పరస్పర అంగీకారంతో' అని మాత్రమే ఉంటే దాన్ని పొడిగింపుగా లెక్క వేయకండి. గడువు తీరాక, స్వాధీనంలో ఉన్నంతవరకు కట్టుకున్నవి తీసుకుపోవచ్చని చట్టం ఉదారంగా చెబుతుంది. మూడో అంతస్తు ఫ్లాటును ఎలా మోసుకుపోతారో చట్టం చెప్పదు.

అమ్మేటప్పటికి పనికొచ్చేవి రెండు. లీజు వారసులకు వస్తుంది కానీ యజమాని పుస్తకంలో పేరు దానంతట అది మారదు. మేము తహసీల్దారు నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తెచ్చి, మా ముగ్గురి పేర్లు ఎక్కించాకే బేరానికి దిగాం. రెండోది చాలామందికి తెలియదు. బదలాయించినంత మాత్రాన పాత లీజుదారు బాధ్యతలు తీరిపోవని 108లోనే ఉంది. కొన్నవారు అద్దె ఎగ్గొడితే నోటీసు మీ ఇంటికి రావచ్చు. ఇకపై బాధ్యత కొత్తవారిదేనని స్థలం యజమాని చేత రాయించుకోండి.

అనుమతి ఆలస్యమవుతోంది, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాసిస్తాం అంటే ఒప్పుకోవద్దు. జీపీఏతో హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. దానికి బదులు అగ్రిమెంటులో ఒక వాక్యం పెట్టించండి: ఫలానా తేదీలోగా స్థలం యజమాని అనుమతి రాకపోతే అడ్వాన్సు కోత లేకుండా తిరిగి ఇవ్వాలి. మా ఇల్లు కొన్నాయన పెట్టించిన వాక్యమే ఇది. మొదట అక్కకు నచ్చలేదు, తరువాత సంతకం పెట్టింది.