ఉగాది తేదీ మారుతుంది, తమిళ సంవత్సరాది ఎందుకు మారదు?

ప్రశ్న: మా కోడలిది మదురై. వారికి సంవత్సరాది ఏటా ఏప్రిల్ 14నే వస్తుంది. మన ఉగాది మాత్రం ఒక ఏడు మార్చిలో, ఒక ఏడు ఏప్రిల్‌లో వస్తున్నది. సంవత్సరాల పేర్లు చూస్తే ఇద్దరికీ ఒకటే. ఈ తేడా ఎందుకు? జనవరి 1కి కూడా ఇటువంటి లెక్క ఏదైనా ఉన్నదా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మనది చాంద్రమానం, వారిది సౌరమానం. సూర్యోదయ వేళకు చైత్ర శుద్ధ పాడ్యమి ఉన్న రోజు మనకు ఉగాది. పన్నెండు చాంద్రమాసాలకు దాదాపు 354 రోజులే కనుక, ఈ పండుగ ఏటా పదకొండు రోజుల మేర ముందే వస్తూ, అధిక మాసం పడిన తరువాత ఒక్కసారిగా వెనక్కి పోతుంది. 2023లో మార్చి 22న వచ్చిన ఉగాది, ఆ ఏడు అధిక శ్రావణం రావడంతో 2024లో ఏప్రిల్ 9న వచ్చింది. మాఘ పౌర్ణమిని బట్టి జరిగే మేడారం జాతర 2024లో ఫిబ్రవరి 21న, 2026లో జనవరి 28న మొదలు కావడం కూడా ఇటువంటిదే.

తమిళులు చంద్రుణ్ని కాక, సూర్యుడు మేషరాశిలో ప్రవేశించే క్షణాన్ని చూస్తారు. ఆ సంక్రమణం సూర్యాస్తమయంలోగా జరిగితే ఆ రోజే చిత్తిరై నెల మొదటి రోజు, ఆ తరువాత జరిగితే మరునాడు. ఈ పద్ధతి మనకు తెలియనిదేమీ కాదు. పండుగలన్నీ తేదీలు మార్చుకుంటుంటే మకర సంక్రాంతి ఒక్కటి జనవరి 14నో 15నో వచ్చేది ఈ సౌర లెక్క వల్లనే. భూమి జనవరి మొదట్లో సూర్యునికి దగ్గరగా వచ్చి వేగంగా కదులుతుంది కాబట్టి తమిళుల మార్గళి 29 లేదా 30 రోజుల్లో ముగుస్తుంది. వేసవి దాటాక వచ్చే ఆని నెలకు 31 లేదా 32 రోజులు పడతాయి.

అరవై సంవత్సరాల పేర్లు ఉమ్మడివే అయినా మొదలయ్యే రోజు వేరు. 2025లో విశ్వావసు మనకు మార్చి 30న, వారికి ఏప్రిల్ 14న మొదలైంది. నడుమ ఆ రెండు వారాల్లో మీ వియ్యాలవారి నుంచి శుభలేఖ వచ్చి, దానిపై ఇంకా క్రోధి అని ఉంటే అది అచ్చుతప్పు కాదు.

అయితే ఏప్రిల్ 14 కూడా శాశ్వతం కాదు. మన పంచాంగాలు సూర్యుని గమనాన్ని నక్షత్రాలతో పోల్చి కొలుస్తాయి, ఇంగ్లీషు క్యాలెండరు ఋతువులతో పోల్చి కొలుస్తుంది. మొదటి సంవత్సరం రెండో దానికంటే సుమారు 20 నిమిషాలు పెద్దది. ఆ నిమిషాలు పోగై డెబ్బై ఏళ్లకు పైచిలుకు కాలంలో ఒక రోజు అవుతాయి. వివేకానందుడు మకర సంక్రాంతి నాడు జన్మించారు, ఆ తేదీ 1863 జనవరి 12. ఇప్పటి సంక్రాంతితో పోల్చి చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

జనవరి 1కి ఆకాశంలో ఏ ఆనవాలూ లేదు. రోమ్‌లో కాన్సల్ అనే పాలకులు క్రీ.పూ. 153 నుంచి ఆ రోజున పదవి చేపట్టేవారు, అంతే. ఇంగ్లండులోనైతే చాలా కాలం మార్చి 25నే సంవత్సరాదిగా లెక్కించి, 1752 నుంచి జనవరికి మార్చుకున్నారు. అందువల్ల వారి 1751వ సంవత్సరం మార్చి 25న మొదలై డిసెంబరు 31కే ముగిసింది. తమిళనాడులోనూ ప్రభుత్వం ఇటువంటి ప్రయత్నం చేసింది. 2008లో చట్టం చేసి పొంగల్ రోజైన తై 1ని సంవత్సరాదిగా ప్రకటించింది, 2011లో తరువాతి ప్రభుత్వం ఆ చట్టాన్ని రద్దు చేసి చిత్తిరైని పునరుద్ధరించింది. పాత లెక్క అంత సులభంగా పోదనడానికి ఇంగ్లండే మరో ఉదాహరణ: 1752లో క్యాలెండరు నుంచి తొలగించిన 11 రోజుల సర్దుబాటు కారణంగా, ఆ మార్చి 25 కాస్తా జరిగి జరిగి, అక్కడి పన్నుల సంవత్సరం నేటికీ ఏప్రిల్ 6న మొదలవుతున్నది.