ముందు రాయి పాతించు

అమ్మలూ,

మీ పెరట్లో బాదం చెట్టుని ఏడాది పొడుగునా ఫోటోలు తియ్యాలని గుంటలిద్దరూ సరదా పడుతున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఏ కెమెరా కొనాలో మావయ్యని అడుగు అన్నావట. ఏదీ కొనకు. నీ ఫోను చాలు. ముందు పెరట్లో ఒక రాయి పాతించు.

నవ్వకు. విజయనగరంలో మా సువర్ణరేఖ మామిడిని ఏళ్ల తరబడి తీశాను. పూతొస్తే పూత దగ్గరికి, కాయ బుగ్గన ఎరుపు తిరిగితే కాయ దగ్గరికి పరిగెత్తేవాణ్ని. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను గాలికి చెట్టు వేళ్లతో సహా ఒరిగిపోయింది. కరెంటు వచ్చాక పాత ఫోటోలన్నీ వెతికాను. కాయలున్నాయి, పూతుంది, ఉడతలు కూడా ఉన్నాయి. చెట్టు నిండుగా కనబడేది ఒక్కటీ లేదు. ఎంత ఎత్తుండేదని ఎవరైనా అడిగితే ఇప్పటికీ మేడ వైపు చెయ్యెత్తి చూపిస్తాను.

అందుకే రాయి, ప్రతిసారీ దాని మీదే నిలబడి చెట్టంతా తియ్యడానికి. చెట్టుకి తూర్పున, చెట్టు ఎంత ఎత్తుంటే ఇంచుమించు అంత దూరంలో పెట్టించు. మొదలూ, కొసా రెండూ ఫ్రేములో పడాలి. పొద్దున్న ఎండ నీ వెనకనుంచి వచ్చి చెట్టు మీద పడుతుంది. సాయంత్రం అదే రాయి మీద నిలబడితే సూర్యుడు ఆకుల వెనక ఉంటాడు, ఎర్రాకులు దీపాల్లా వెలుగుతాయి. ఫోను ఆనించడానికి పక్కనే ఒక కర్ర పాతు. లేకపోతే ఫోటో తీసే పెద్దాడు ఏడాదిలో రెండంగుళాలు పెరిగి చెట్టుని పొట్టిదాన్ని చేసేస్తాడు. ఎప్పుడూ నిలువుగానే తియ్యండి. జూమ్ వద్దు, ఫిల్టర్లు అసలే వద్దు.

ఆదివారం పొద్దున్న ఏడింటికి ఒకటి చాలు. కానీ సంక్రాంతి దాటాక జాగ్రత్త. బాదం ఆకు ఎర్రబడి రాలడం, కొమ్మలు బోడిగా నిలబడటం, కొత్త చిగుళ్లు రావడం అన్నీ కొద్ది వారాల్లో అయిపోతాయి. ఆ రోజుల్లో రోజూ తియ్యాలి. బోడి చెట్టు ఏం బాగుంటుందని మానెయ్యకండి, కొమ్మలు అంతస్తులు అంతస్తులుగా ఎలా ఉంటాయో కనబడేది అప్పుడే. చాలా బాదం చెట్లు వానాకాలంలో ఇంకోసారి కూడా ఆకు రాలుస్తాయి. మీది ఏం చేస్తుందో గుంటల్నే కనిపెట్టమను. రాత్రి గబ్బిలాలు గుజ్జు తిని పడేసిన కాయలు పొద్దున్న చెట్టు కింద దొరుకుతాయి, అవి బద్దలు కొట్టుకుంటూ కూర్చున్న పిల్లలు కూడా ఫోటోలో పడితే పడనీ.

అరసవల్లి సూర్యుడి గుడిలో మార్చిలో, అక్టోబరులో కొద్ది రోజులే కిరణాలు స్వామి పాదాల మీద పడతాయి కదా. మీ పెరట్లోనూ సూర్యుడు అలాగే జరుగుతుంటాడు. మే సగం నుంచి జూలై చివరిదాకా మిట్టమధ్యాహ్నం నీడ దక్షిణానికి పడుతుంది, మిగతా ఏడాదంతా ఉత్తరానికే. మొదలు దగ్గర సుద్దముక్కతో నీడ గీయించు. పుస్తకంలో చదివితే మర్చిపోతారు.

వానాకాలంలో ఏసీ గదిలోంచి తెచ్చిన ఫోను లెన్సు మీద చెమ్మ పడుతుంది. పది నిమిషాలు బయట ఉంచి, పాత నూలు గుడ్డతో తుడిచి అప్పుడు తియ్యండి. తుఫాను రోజున మాత్రం ఎవరూ పెరట్లోకి వెళ్లొద్దు, ఆ వారం ఫోటో లేకపోయినా ఫర్వాలేదు. విరిగిన కొమ్మలుంటే గాలి పూర్తిగా తగ్గాక, కొట్టించే ముందు, రాయి దగ్గర నుంచే ఒకటి తియ్యి.

ఫోటోలన్నీ ఫోన్లోనే వదిలెయ్యకు. నెలకోసారి కంప్యూటర్లోకి ఎక్కించు. అల్లుడికి ఈ పని అప్పజెప్పు, ఆదివారం తొందరగా లెమ్మంటే ఎలాగూ లేవడు.

ఇంకొక్కటి. మీ అత్తగారు తెల్లారకముందే పెరడంతా తుడిచేస్తారు. రాలిన ఎర్రాకులు ఫోటోలో ఉండాలంటే ఆదివారం ఏడు దాటేదాకా చీపురు పట్టకూడదు. నువ్వడిగితే ఒప్పుకోరు. గుంటల్ని పంపు.

మీ మావయ్య