సూర్యాపేట నుంచి మౌలాలి సెంటరుకి ఉదయం షిఫ్ట్: ముందురోజే వెళ్ళి ఉండాలా?

మీ ప్రశ్న ఇది: అమ్మాయికి జేఈఈ మెయిన్ జనవరి సెషన్‌లో ఉదయం షిఫ్ట్ పడింది, సెంటరు హైదరాబాద్ మౌలాలిలో, మీరుండేది సూర్యాపేటలో. తెల్లవారుజామున బయల్దేరితే అందుతామా, ముందురోజే వెళ్ళి గది తీసుకోవాలా?

ముందురోజే వెళ్ళండి. అదే మధ్యాహ్నం షిఫ్ట్ అయ్యుంటే అక్కర్లేదని చెప్పేవాణ్ణి. కిలోమీటర్లు అవే, గేటు మూసే టైమును బట్టి జవాబు మారుతుంది.

లెక్క చివరి నుంచి వేసుకుంటూ రండి. మొదటి షిఫ్ట్ 9 నుంచి 12 వరకు. గేటు 8:30కి మూసేస్తారు, ఆ తర్వాత ఎవరు బతిమాలినా తీయరు. లోపలికి వెళ్ళాక తనిఖీ, బయోమెట్రిక్, ల్యాబు వెతుక్కోవడం, సీట్లో కూర్చుని లాగిన్ అవ్వడం ఉంటాయి. వందలమంది ఒకే గేటు ముందు నిలబడతారు కాబట్టి 7:30కల్లా లైన్లో ఉండాలి. ఎల్బీ నగర్ నుంచి ఉప్పల్ మీదుగా మౌలాలికి దాదాపు 15 కిలోమీటర్లు, పొద్దున్నే ఆటోకో క్యాబ్‌కో 45 నిమిషాలు వేసుకోండి. బండి దొరకడానికి ఇంకో 15. అంటే 6:30కి ఎల్బీ నగర్‌లో దిగాలి. సూర్యాపేట నుంచి అక్కడికి బస్సులో రెండున్నర గంటలు. 4 గంటలకు బస్సు కదలాలి, 3:30కి ఇంటికి తాళం వేయాలి, అమ్మాయి 2:45కి లేవాలి. పరీక్ష ముందురోజు ఏ పిల్లా తొమ్మిదింటికి నిద్రపోదు. పదకొండుకి పడుకున్నా నాలుగు గంటల నిద్ర కూడా దక్కదు. ఆ నిద్రతో మూడు గంటలు కంప్యూటర్ ముందు కూర్చుని 75 ప్రశ్నలు చేయాలి, తప్పుకి ఒక మార్కు కోత. నిద్ర చాలని పిల్లలు మొదటి గంట బాగానే చేస్తారు. చివరి గంటలో ప్లస్సు బదులు మైనస్సు వేయడం, ప్రశ్నలో ‘కానిది’ అన్న మాటను దాటేసి చదవడం మొదలవుతుంది.

పైగా ఇది అన్నీ సవ్యంగా జరిగితే వేసిన లెక్క. జనవరి తెల్లవారుజామున నకిరేకల్, చిట్యాల వైపు హైవే మీద మంచు కమ్మితే బస్సు నలభై దాటదు. విజయవాడ నుంచి వచ్చే బస్సులన్నీ సూర్యాపేట స్టాండులోకి రావు, వచ్చినవాటిలో ఆ వేళకి సీటు ఉంటుందన్న నమ్మకం లేదు. కొర్లపహాడ్, పంతంగి టోల్‌గేట్లు, చౌటుప్పల్ ఊరు, ఆ తర్వాత ఉప్పల్ రింగురోడ్డు: వీటిలో ఎక్కడ అరగంట ఆగినా మీ చేతిలో మిగిలేది అరగంటే.

ఈ లెక్కనే వేరే ఊళ్ళవాళ్ళూ వేసుకోవచ్చు. రెండు విషయాలు చూడండి. ఒకటి, పిల్లలు 4:30 కంటే ముందు లేవాల్సి వస్తుందా? రెండు, ఎక్కాలనుకున్న బస్సో రైలో తప్పితే, దాని వెనకాల వచ్చే బండిలో వెళ్ళినా గేటు అందుతుందా? మొదటిదానికి అవును అన్నా, రెండోదానికి కాదు అన్నా గది తీసుకోవాల్సిందే. భువనగిరి నుంచి మౌలాలికి వచ్చేవాళ్ళకి రెండు విధాలా ఇబ్బంది లేదు, ఇంట్లోనే పడుకోవడం మేలు. సొంత మంచం, సొంత బాత్రూమ్, అమ్మ చేతి ఇడ్లీ ఉండగా లాడ్జి ఎందుకు? ‘సీరియస్‌గా తీసుకుంటున్నాం’ అని చూపించుకోవడానికి గది తీసుకునేవాళ్ళున్నారు, పిల్లల మీద ఒత్తిడి పెంచడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు.

మధ్యాహ్నం షిఫ్ట్ 3కి మొదలు, గేటు 2:30కి మూస్తారు. సూర్యాపేటలో 9కి బస్సెక్కినా చాలు. నీట్ కూడా 2 నుంచి 5 వరకే, గేటు 1:30కి మూస్తారు కాబట్టి మూడు గంటల ప్రయాణం వరకు రాత్రి ఉండనక్కర్లేదు. కాకపోతే మే నెల ఎండలో నాన్ ఏసీ బస్సులో కూర్చోబెట్టి తీసుకెళ్ళి, 12 గంటలకి గేటు ముందు నిలబెట్టకండి. ఏసీ బస్సో, కారో చూసుకుని 11 గంటలకల్లా చేరిపోండి.

గ్రూప్-2 లాంటివాటి సంగతి వేరు. 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో తెలంగాణ గ్రూప్-2 పెట్టినప్పుడు రోజుకి రెండు పేపర్లు, ఉదయం 10కి ఒకటి, మధ్యాహ్నం 3కి ఒకటి. రెండో పేపరు రాసి ఊరెళ్ళి, మళ్ళీ తెల్లారి రావడం ఒంటికి చాలా భారం. అలాంటప్పుడు మధ్యలో పడే రాత్రి ఉండటం ముఖ్యం, ముందురాత్రి సంగతి దూరాన్ని బట్టి చూసుకోవచ్చు.

రాత్రి బస్సులోనో రైల్లోనో పడుకుని ఉదయం 5కి దిగుదామన్న ఆలోచన ఉదయం షిఫ్ట్‌కి వద్దు. అందులో నిద్రా సరిగ్గా పట్టదు, ఆలస్యమైతే చేయగలిగిందీ ఉండదు.

ఇక గది సంగతి. పరీక్ష ఏ ఊళ్ళోనో ముందుగా చెప్పే సిటీ స్లిప్‌లో ఊరి పేరు ఒక్కటే ఉంటుంది, సెంటరు అడ్రసు అడ్మిట్ కార్డులోనే తెలుస్తుంది. అది పరీక్షకి మూడు నాలుగు రోజుల ముందు గానీ రాదు. స్లిప్ చూడగానే గది బుక్ చేసేస్తే ఊరికి ఆ చివర సెంటరు పడొచ్చు. ముందే బుక్ చేయాలనుకుంటే డబ్బు తిరిగొచ్చేలా చేసుకోండి, లేదంటే అడ్మిట్ కార్డు వచ్చిన రోజే చేయండి. సెంటరు పేరు ఒక్కటే చూసి ఫోన్ మ్యాప్‌లో కొట్టకండి. అయాన్ డిజిటల్ జోన్ అనే పేరుతో పరీక్ష సెంటరు మౌలాలిలోనూ ఉంది, గండిపేటలోనూ ఉంది. ఒకటి ఊరికి ఈ కొసన, ఇంకొకటి ఆ కొసన, ట్రాఫిక్‌లో ఒకచోటి నుంచి ఇంకోచోటికి గంటన్నర పట్టినా ఆశ్చర్యం లేదు. అడ్రసులో పిన్‌కోడ్, ల్యాండ్‌మార్క్ కూడా సరిచూసుకోండి.

మౌలాలికైతే ఈసీఐఎల్ చౌరస్తా, హబ్సిగూడ, తార్నాక, ఉప్పల్ వైపు చూడండి. సికింద్రాబాద్ స్టేషన్ చుట్టూ లాడ్జిలు ఎక్కువే గానీ రాత్రంతా సందడి. సెంటరుకి ఐదు కిలోమీటర్లలోపు ఉంటే, బండి దొరక్కపోయినా ఏదో ఒకటి పట్టుకుని చేరొచ్చు. మధ్యలో రైల్వే గేటు గానీ, ఫ్లైఓవర్ పనులు గానీ లేకుండా చూసుకోండి.

ఆన్‌లైన్‌లో బుక్ చేసినా సరే, ముందురోజు లాడ్జికి ఫోన్ చేసి మాట్లాడండి. బుకింగ్ చేతిలో పెట్టుకుని వెళ్తే ‘మాకు రాలేదండీ’ అని కౌంటర్ దగ్గర తిప్పి పంపడం మామూలే. ఫోన్లోనే ఇవి అడగండి: పక్కన ఫంక్షన్ హాల్ ఉందా, ఆ రోజు పెళ్ళి ఉందా? రోడ్డు వైపు కాకుండా వెనకవైపు గది ఇస్తారా? ఉదయం 5:30కి వేడినీళ్ళు వస్తాయా? కరెంటు పోతే జనరేటర్ ఉందా? ఖాళీ చేయాల్సింది మధ్యాహ్నం 12కా, లేక దిగిన టైము నుంచి 24 గంటలకా? చివరిదాన్ని చాలామంది అడగరు. 12 పద్ధతి అయితే పరీక్ష అయ్యేలోపే గది ఖాళీ చేయాలి. అమ్మాయిని లోపలికి పంపాక మీరు తిరిగొచ్చి సామాను సర్దుకోవచ్చు. బ్యాగు సెంటరుకి మాత్రం మోసుకెళ్ళకండి, అక్కడ దాని భద్రతకి ఎవరూ పూచీ ఉండరు.

చుట్టాలిల్లు ఉంటే? సెంటరుకి దగ్గరై, పిల్లకి విడిగా గది ఇవ్వగలిగితే లాడ్జి కంటే నయం. కూకట్‌పల్లిలో పిన్నిగారు ఉన్నారని అక్కడ దిగి, మౌలాలికి ఊరంతా దాటి రావడంలో అర్థం లేదు. పైగా రాత్రి పదింటిదాకా ‘ఎలా ప్రిపేరయ్యావమ్మా’ అంటారు, ప్రేమగానే.

ముందురోజు మధ్యాహ్నం మూడింటికల్లా దిగేలా బయల్దేరండి. వెలుగుండగానే సెంటరు చూసి రండి. అభ్యర్థులను ఏ గేటులోంచి పంపుతారో, ఆటో ఎంతవరకు వెళ్తుందో వాచ్‌మన్ని అడగండి. తిరిగి వచ్చేటప్పుడు తీసుకెళ్ళిన ఆటో అతని నంబరు తీసుకుని ఉదయం 6:45కి రమ్మని మాట్లాడుకోండి, క్యాబ్ రెండో దారిగా ఉంటుంది. లాడ్జి దగ్గర పొద్దున ఆరింటికి తెరిచే టిఫిన్ సెంటరు ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి. లేకపోతే అరటిపళ్ళు, బ్రెడ్డు తెచ్చిపెట్టుకోండి. రాత్రి 7:30కల్లా పప్పన్నం, పెరుగన్నం లాంటిది పెట్టించండి. హైదరాబాద్ వచ్చాం కదా అని బిర్యానీ మాత్రం వద్దు, అది పరీక్ష అయ్యాక. మంచినీళ్ళు సీసాలో కొన్నవే తాగనివ్వండి.

ఒరిజినల్ ఆధార్ మీద ప్రత్యేకంగా కన్నేసి ఉంచాలి. ఈ ప్రయాణంలో అది మూడుసార్లు బయటికి వస్తుంది. ఎక్స్‌ప్రెస్ బస్సులో అమ్మాయి జీరో టికెట్ (ఆడవాళ్ళకిచ్చే ఉచిత టికెట్) తీసుకుంటే కండక్టర్‌కి చూపించాలి, లాడ్జిలో దిగేటప్పుడు అడుగుతారు, చివరికి సెంటరు గేటు దగ్గర. మొదటి రెండు చోట్ల ఎక్కడో ఒకచోట ఉండిపోతుంది: బస్సు సీటు జేబులో, లాడ్జి జిరాక్స్ మెషిన్ మూత కింద. అందుకని లాడ్జికి మీ కార్డూ, అమ్మాయి కార్డు జిరాక్సూ ఇంటి నుంచే పట్టుకెళ్ళి ఇవ్వండి. అసలు కార్డుకీ, అడ్మిట్ కార్డుకీ, పాస్‌పోర్ట్ సైజు ఫొటోకీ కలిపి ఒకే పారదర్శక ఫోల్డర్ పెట్టండి. బస్సుకి కూడా ఆ రోజు ఉచితం చూసుకోకుండా రిజర్వేషన్ ఉన్న డీలక్సో, సూపర్ లగ్జరీయో ఎక్కితే అమ్మాయి కూర్చుని వెళ్తుంది, కార్డు ఫోల్డర్‌లోంచి తీసే పనే ఉండదు.

అడ్మిట్ కార్డు రెండు కాపీలు సూర్యాపేటలోనే ప్రింట్ తీయించుకోండి. ఫొటో అంటించడం, తల్లిదండ్రుల సంతకం పెట్టడం లాంటివి ఇంట్లోనే ముగించండి. అమ్మాయి మాత్రం అక్కడ నింపాలని ఉన్న గడుల్ని ఖాళీగా వదలాలి, ఇన్విజిలేటర్ ముందు చేసే సంతకం ముందే చేసేస్తే చిక్కే. ఉదయం ఏడింటికి సెంటరు దగ్గర జిరాక్స్ షాపు తీసి ఉంటుందని అనుకోవద్దు.

12కి పరీక్ష అయినా పిల్లలు బయటికి వచ్చేసరికి 12:30 అవుతుంది. గేటు ముందు గుంపులో ఫోన్ లేని పిల్లని వెతకడం కష్టం కాబట్టి, ఎక్కడ నిలబడతారో ముందురోజు సెంటరు చూసినప్పుడే ఒక షాపునో చెట్టునో చూపించి చెప్పండి.