ఆ బ్యాండు కబురు గుంటూరు దాకా ఎలా వస్తుంది?

ప్రశ్న: నేను గుంటూరు బ్రాడీపేటలో ఉంటూ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. టర్న్‌స్టైల్ అనే అమెరికా హార్డ్‌కోర్ పంక్ (వేగంగా, కేకలతో సాగే ఒక రకం రాక్ సంగీతం) బ్యాండు అంటే నాకు ప్రాణం. 2025 జూన్‌లో వాళ్ల ‘నెవర్ ఇనఫ్’ ఆల్బమ్ విడుదలైతే, ఆ సంగతి నాకు జూలై చివర్లో ఒక స్నేహితుడు చెబితేగాని తెలియలేదు. రోజంతా ఫోను చేతిలోనే ఉన్నా ఇలా జరిగినందుకు చాలా బాధ కలిగింది. ఇకమీదట వాళ్ల కొత్త పాటలు, వార్తలు సమయానికి తెలియాలంటే ఏం చేయాలి?

జవాబు: మీ బాధ నాకు బాగా తెలుసు. 1990ల చివర్లో విజయవాడలో డిగ్రీ చదువుకునే రోజుల్లో నేను అమెరికాలోని ఒక చిన్న రికార్డు కంపెనీకి కేటలాగు పంపమని ఉత్తరం రాసి, తిరుగు తపాలా ఖర్చు కోసం ఇంటర్నేషనల్ రిప్లై కూపన్ జతచేసి, పెద్ద పోస్టాఫీసులో వేసి పది వారాలు ఎదురుచూశాను. చివరికి కేటలాగు వచ్చింది గాని, నేను కోరుకున్న రికార్డు పేరు మీద ఎవరో నల్ల ఇంకుతో చేత్తో గీత కొట్టి ఉంది. నా ఉత్తరం సముద్రాలు దాటేలోపే అది అమ్ముడైపోయిందన్నమాట. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ఇక మీ సంగతికి వస్తే, ఫోనులో సామాజిక మాధ్యమాలు ఏ రోజు ఏ కబురు ముందు చూపాలో తమ లెక్క ప్రకారం తామే నిర్ణయించుకుంటాయి కాబట్టి, బ్యాండును మీరు అనుసరిస్తున్నా వాళ్లు పెట్టిన ప్రతి మాటా మీ కంట పడుతుందన్న హామీ ఏమీ లేదు. అందుకని ముందుగా బ్యాండు సొంత వెబ్‌సైటుకు వెళ్లి, మీ ఈమెయిలు ఇచ్చి, వాళ్ల ఉత్తరాల జాబితాలో చేరండి. జీమెయిల్ ఇలాంటి ఉత్తరాలను తరచుగా ‘ప్రమోషన్స్’ అనే అరలో పడేస్తుంది. మొదటి ఉత్తరం రాగానే దాన్ని ప్రధానమైన అరలోకి మార్చుకుంటే తర్వాతవి కూడా అక్కడికే వస్తాయి. మీరు జూన్‌లో ఆ అర తెరిచి చూసి ఉంటే కబురు అక్కడే దొరికేదేమో.

రెండో పని, ఆ బ్యాండు నడక గమనించడం. టర్న్‌స్టైల్ 2010లో బాల్టిమోర్‌లో మొదలైంది. చిన్న రికార్డులు కొన్ని తెచ్చిన తర్వాత 2015లో మొదటి పూర్తి ఆల్బమ్ ‘నాన్‌స్టాప్ ఫీలింగ్’, 2018లో ‘టైమ్ అండ్ స్పేస్’, 2021లో ‘గ్లో ఆన్’ వచ్చాయి. అంటే మూడేళ్లకొకటి, ‘నెవర్ ఇనఫ్’కు మాత్రం దాదాపు నాలుగేళ్లు. ఇంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ‘గ్లో ఆన్’ 2021 ఆగస్టు 27న విడుదలైతే, దానికి సరిగ్గా రెండు నెలల ముందు, జూన్ 27న, ‘టర్న్‌స్టైల్ లవ్ కనెక్షన్’ పేరుతో నాలుగు పాటల చిన్న రికార్డును, దానితోపాటు ఒక లఘుచిత్రాన్ని తెచ్చారు. ఆ నాలుగు పాటలూ తర్వాత ఆల్బమ్‌లో చేరాయి. 2025లో కూడా అలాగే ఏప్రిల్‌లో ఆల్బమ్ పేరుతోనే ఒక పాట ముందు వచ్చింది, మే నెలలో సొంత ఊరి పార్కులో ఉచితంగా కచేరీ చేసి ఇల్లులేని వారికి వైద్యం చేసే సంస్థ కోసం విరాళాలు సేకరించారు, జూన్ 6న ఆల్బమ్ వచ్చింది. తొలకరికి ముందు ఈదురుగాలి వీచినట్టు, వీళ్ల దగ్గర నుంచి ఒక్క పాట వచ్చిందంటే రెండు నెలల్లో ఆల్బమ్ రావచ్చునని మీరు సిద్ధంగా ఉండవచ్చు.

మీకు సంతోషం కలిగించే విషయం ఒకటి చెబుతాను. 2015 జూలై నుంచి ప్రపంచమంతటా కొత్త ఆల్బమ్‌లు శుక్రవారం నాడే విడుదల కావాలని సంగీత పరిశ్రమ నియమం పెట్టుకుంది. అంతకుముందు అమెరికాలో మంగళవారం, బ్రిటన్‌లో సోమవారం విడుదలయ్యేవి. పాటలు వినిపించే యాప్‌లలో చాలావరకు ఏ దేశంలో అర్ధరాత్రి అయితే ఆ దేశంలో ఆల్బమ్ తెరుచుకుంటుంది. జూన్‌లో గుంటూరులో అర్ధరాత్రి పన్నెండు అయ్యే సమయానికి బాల్టిమోర్‌లో ఇంకా గురువారం మధ్యాహ్నం రెండున్నరే. కనుక తేదీ ముందే తెలిసి ఉంటే, ఆ బ్యాండు పుట్టిన ఊరి కుర్రవాళ్లకంటే తొమ్మిదిన్నర గంటల ముందే బ్రాడీపేటలో మీరు ఆ పాటలు వినగలరు. ఈసారి తప్పక వినండి.

మూడోది, నా అనుభవంలో అన్నిటికన్నా విలువైనది. హార్డ్‌కోర్‌లో బ్యాండును ఒంటరిగా చూడకూడదు, వాళ్ల వంశవృక్షం చూడాలి. టర్న్‌స్టైల్ గాయకుడు బ్రెండన్ యేట్స్ అదే ఊరికి చెందిన ట్రాప్‌డ్ అండర్ ఐస్ అనే బ్యాండులో డ్రమ్స్ వాయించాడు. ఆ బ్యాండు గాయకుడు జస్టిస్ ట్రిప్ తర్వాత ఏంజెల్ డస్ట్ అనే బ్యాండు పెడితే అందులో టర్న్‌స్టైల్ సభ్యులు కూడా వాయించారు. మన నాటక సమాజాలలో ఒక సమాజంలో హార్మోనియం వాయించినాయన మరో సమాజంలో వేషం కట్టినట్టే ఇక్కడ కూడా మనుషులు అటూ ఇటూ తిరుగుతుంటారు. ఆల్బమ్ అట్ట మీద సన్నటి అక్షరాలలో ఎవరు వాయించారు, ఎవరు రికార్డు చేశారు, ఏ కంపెనీ తెచ్చింది అన్నది ఉంటుంది. ఆ పేర్లు ఒక నోటుపుస్తకంలో రాసుకుని, వాళ్ల మిగతా పనులను కూడా అనుసరించండి. అప్పుడు మీ బ్యాండు నిశ్శబ్దంగా ఉన్న మూడేళ్లలో కూడా వినడానికి మీకేదో ఒకటి ఉంటుంది.

ప్రశ్న: మాది విజయవాడ సత్యనారాయణపురం. ఇంటర్ చదివే మా అబ్బాయి ఏదో కొత్త పాట వస్తుందని గురువారం రాత్రి పన్నెండింటి దాకా మేలుకొని కూర్చుంటాడు. తీరా వింటే నిమిషంన్నర సేపు అరుపులు తప్ప నాకు ఏమీ వినిపించదు. ఇది చెడు సావాసాలకు దారి తీస్తుందా?

జవాబు: అమ్మా, మీ అబ్బాయి వినే ఈ హార్డ్‌కోర్ సంగీతానికి ఒక చరిత్ర ఉంది, అది వింటే మీ మనసు కొంత కుదుటపడుతుందని నా నమ్మకం. 1980లో వాషింగ్టన్‌లో టీన్ ఐడిల్స్ అనే బ్యాండు ఉండేది, అందరూ హైస్కూలు వయసు పిల్లలే. బ్యాండు విడిపోయే నాటికి కచేరీల మీద వచ్చిన సుమారు 600 డాలర్లు పెట్టెలో మిగిలాయి. వాటిని పంచుకోకుండా తమ పాటలతో ఒక రికార్డు వేయించుకున్నారు. డిస్కార్డ్ అనే కంపెనీ అలా పుట్టింది. అట్టల కోసం, ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఒక రికార్డు కవరును విప్పి, దాని కొలతలు కాగితం మీద గీసుకుని, ఇంట్లో కూర్చుని కత్తెరతో కోసి, మడిచి, జిగురుతో అంటించారు. పెళ్లివారింట అందరూ కూర్చుని శుభలేఖలకు పసుపు పూసినట్టుగా ఆ పిల్లలు ఆ అట్టలు తయారుచేసుకున్నారు.

ఆ పిల్లల్లో ఒకడైన ఇయాన్ మెక్‌కే తర్వాత మైనర్ థ్రెట్ అనే బ్యాండులో 46 సెకన్ల పాట ఒకటి పాడాడు. మద్యం, మత్తుపదార్థాలు తనకు అక్కర్లేదని చెప్పే ఆ పాట పేరే ‘స్ట్రెయిట్ ఎడ్జ్’, ఆ పేరు మీదనే ప్రపంచమంతటా వేలమంది కుర్రవాళ్లు మందు, సిగరెట్టు ముట్టమని తమకు తాము ఒట్టు పెట్టుకున్నారు. వయసు చాలని పిల్లలకు మద్యం పోయవద్దని గుర్తుగా క్లబ్బులవాళ్లు చేతి మీద వేసే ఇంటు గుర్తును ఆ పిల్లలు తమ గౌరవ చిహ్నంగా మార్చుకున్నారు. హార్డ్‌కోర్ వినే ప్రతివాడూ ఈ ఒట్టు పెట్టుకున్నాడని నేను అనను. ఆ సంగీతం మాత్రం పిల్లలు పిల్లల కోసం, తమ చేతులతో తాము నిలబెట్టుకున్నది.

నిద్ర గురించి మీ ఆందోళన న్యాయమైనదే. ప్రతి శుక్రవారమూ వాడి బ్యాండు ఆల్బమ్ రాదు కదా. ఏడాదికి రెండు మూడు రాత్రులు అనుమతి ఇచ్చి, మిగతా రోజుల్లో పది గంటలకు పడుకోమనండి. ఒకసారి పాట సాహిత్యం కాగితం మీద రాసి అర్థం చెప్పమని అడగండి. వాడు ఎంత ఇష్టంగా చెబుతాడో మీరే చూస్తారు.

ప్రశ్న: ఫుగాజీ బ్యాండు మళ్లీ కలుస్తుందని ఏటా ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. నమ్మవచ్చా? (తెనాలి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: నేను కూడా ఆ కబురు విన్న ప్రతిసారీ గుండె ఒక్క క్షణం ఆగినంత పనై, తర్వాత నిరాశపడినవాణ్నే. వాషింగ్టన్ బ్యాండు ఫుగాజీ చివరి కచేరీ 2002 నవంబరులో లండన్‌లో జరిగింది. విడిపోయామని వాళ్లు ప్రకటించలేదు, విరామం అన్నారు. ఆ ఒక్క మాటను పట్టుకునే ఈ పుకార్లన్నీ పుడుతున్నాయి. ఫుగాజీ సభ్యుడైన మెక్‌కే నడిపే డిస్కార్డ్ కంపెనీయే వాళ్ల రికార్డులు తెస్తుంది కాబట్టి, నిజమైన కబురు ఏదైనా ఉంటే అక్కడ ఉండి తీరుతుంది. అక్కడ లేని కబురును నమ్మి ఆశ పెంచుకోకండి.

అంతవరకు వినడానికి ఏమీ లేదా అంటే, ఎంతో ఉంది. ఫుగాజీవాళ్లు తమ కచేరీలలో 800కు పైగా రికార్డు చేసి దాచారు, 2011 నుంచి వాటిని ఒక్కొక్కటిగా ప్రజలకు అందుబాటులోకి తెస్తూ వచ్చారు. టిక్కెట్టు 5 డాలర్లకు మించకూడదని పట్టుబట్టి ఊరూరా తిరిగిన బ్యాండు అది. ఆ కచేరీల మధ్యలో ప్రేక్షకులతో మాట్లాడిన మాటలు, తోపులాట ఆపమని పాట ఆపి మందలించిన మందలింపులు కూడా ఆ రికార్డింగుల్లో ఉన్నాయి. ఒకే పాట పదేళ్లలో ఎలా మారిందో వరుసగా వింటే, పాత బ్యాండు నుంచి కూడా కొత్త కబురు అందుతూనే ఉంటుంది.

ప్రశ్న: మన దేశంలో హార్డ్‌కోర్ బ్యాండ్లు ఉన్నాయా? (మంగళగిరి)

జవాబు: ఉన్నాయి. ముంబయికి చెందిన స్క్రైబ్‌తో మొదలుపెట్టండి. 2010లో వచ్చిన ‘మార్క్ ఆఫ్ తేజ’, 2014లో వచ్చిన ‘హెయిల్ మొగాంబో’ ఆల్బమ్‌ల పేర్లే హిందీ సినిమా విలన్లను గుర్తుచేస్తాయి, ఆ ఉత్సాహం పాటల్లో కూడా ఉంది.

ప్రశ్న: నేను విజయవాడ గవర్నరుపేటలో చిన్న ఉద్యోగిని. నచ్చిన బ్యాండుకు నా డబ్బు చేరాలని ఉంది. పాటలు కొనాలా, రికార్డులు తెప్పించుకోవాలా?

జవాబు: మీ ఉద్దేశం ఎంతో మంచిది. బ్యాండ్‌క్యాంప్ అనే చోట చాలా హార్డ్‌కోర్ బ్యాండ్లు తమ పాటలను నేరుగా అమ్ముతాయి, మామూలు రోజుల్లో ఆ కంపెనీ పాటల అమ్మకం మీద 15 శాతం తీసుకుంటుంది. కరోనా రోజుల్లో, 2020 మార్చిలో, కచేరీలు ఆగిపోయిన కళాకారులను ఆదుకోవడానికి ఒక శుక్రవారం ఆ వాటా వదులుకుంది, ఆ పద్ధతి తర్వాత కూడా కొన్ని శుక్రవారాలు కొనసాగుతూ వచ్చింది. ఆ రోజు లెక్క అమెరికా పశ్చిమ తీరపు గడియారం ప్రకారం నడుస్తుంది కాబట్టి, మనకు వేసవిలో శుక్రవారం మధ్యాహ్నం పన్నెండున్నరకు, చలికాలంలో ఒకటిన్నరకు మొదలై మరునాడు అదే సమయానికి ముగుస్తుంది. మీరు భోజన విరామంలో కొనుక్కోవచ్చు. కొన్న బ్యాండు కొత్త పాట పెడితే ఈమెయిలు వచ్చే ఏర్పాటు కూడా అక్కడ ఉంది. చిన్న బ్యాండ్లకు ఇంతకు మించిన సాయం మరొకటి నాకు కనిపించదు.

రికార్డులు తెప్పించుకోవడం మాత్రం ఖర్చుతో కూడిన పని. తపాలా ఖర్చు ఒక్కొక్కసారి రికార్డు ధరను మించిపోతుంది, పైగా కస్టమ్స్ సుంకం పడితే ఆ సొమ్ము పోస్ట్‌మ్యాన్‌కు చెల్లించాలి. అందుకని నలుగురు స్నేహితులు కలిసి ఒకే పార్సిల్‌గా తెప్పించుకోవడం మేలు. రికార్డును అట్టలోంచి బయటికి తీసి, అట్ట వెనకాల పెట్టి పంపమని ముందుగానే కోరండి. లేకపోతే ప్రయాణపు కుదుపులకు రికార్డు అంచు అట్టను చీల్చుకుని బయటికి వస్తుంది.

రోహిణి కార్తెలో మాత్రం తెప్పించుకోవద్దు. రోళ్లు పగిలే ఎండ అని పెద్దలు ఊరికే అనలేదు. రికార్డు తయారయ్యే వినైల్ సుమారు 60 డిగ్రీల వేడికి మెత్తబడుతుంది, మే నెలలో ఎండలో ఆపిన కారు లోపల ఆ వేడి రావడం ఎంతో సేపు పట్టదు. కొన్నేళ్ల క్రితం ఒక మిత్రుడు నా కోసం తెచ్చిన ఏడంగుళాల రికార్డును బెంజ్ సర్కిల్ దగ్గర కారు వెనుక సీటులో ఉంచి, గంటన్నర తర్వాత తిరిగివచ్చాడు. అంచు అప్పడంలా పైకి లేచింది. పెట్టి చూస్తే ముల్లు ప్రతి చుట్టుకూ ఒకసారి పైకెగిరి కిందపడుతూ, మూడో పాట దగ్గర గాడి తప్పి పక్కకు జారిపోయింది. అది 300 మాత్రమే వేసిన రికార్డు, మరొకటి నాకు ఇంతవరకూ దొరకలేదు. నవంబరు నుంచి జనవరి వరకు తెప్పించుకోండి, ఇంటికి రాగానే ఒకదాని మీద ఒకటి పేర్చకుండా పుస్తకాల్లా నిలబెట్టి, పడమటి గోడకు దూరంగా పెట్టుకోండి.