డాలస్‌లో కొత్తగా ఇల్లు కొన్నవాళ్ళకి: సోలార్ పెట్టించాలా వద్దా?

ఫ్రిస్కో, ప్రాస్పర్ వైపు ఇల్లు కొని గృహప్రవేశం అయిన వారానికే సోలార్ కంపెనీ వాళ్ళు తలుపు కొడతారు, చేతిలో ఐప్యాడ్ పెట్టుకుని "గవర్నమెంట్ 30 శాతం ఇస్తుంది, మీ బిల్లు జీరో" అంటారు. మన పిల్లలు చాలామంది అక్కడికక్కడే సైన్ చేసేస్తున్నారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను, దయచేసి మొత్తం చదవండి.

ముందు ఆ 30 శాతం సంగతి. సొంతంగా కొనుక్కునేవాళ్ళకి ఉండే ఫెడరల్ టాక్స్ క్రెడిట్ 2025 డిసెంబర్ 31తో అయిపోయింది, 2025 జులైలో వచ్చిన చట్టంలో తీసేశారు. ఇప్పుడెవరైనా మీకొస్తుందని చెప్తే ఆ మనిషితో ఇంక మాట్లాడక్కర్లేదు. లీజు (ప్యానెల్స్ కంపెనీవే, మీరు నెలనెలా అద్దె కడతారు) తీసుకుంటే, క్రెడిట్ ఏదైనా ఉన్నా అది కంపెనీకి పోతుంది, మీకు కాదు.

రెండోది, టెక్సాస్‌లో నెట్ మీటరింగ్ (గ్రిడ్‌కి పంపిన కరెంటుకి మనం కొనే రేటే ఇవ్వడం) అని రాష్ట్రమంతటికీ రూల్ ఏదీ లేదు. మనం గ్రిడ్‌కి పంపిన కరెంటుకి ఎంత ఇస్తారనేది మీరు తీసుకున్న ప్లాన్ బట్టే ఉంటుంది, కోసర్వ్ లాంటి కో-ఆప్ (సభ్యుల సొంత కరెంటు సంస్థ) ఏరియాలో అయితే కంపెనీ మార్చుకునే ఛాన్స్ కూడా లేదు. లెక్కంతా ఇక్కడే ఉంది. 8 కిలోవాట్ల సిస్టమ్, వాట్‌కి 3 డాలర్లు వేసుకుంటే 24 వేలు. దక్షిణం వైపు రూఫ్ అయితే ఏడాదికి 11 వేల యూనిట్ల దాకా వస్తుంది. యూనిట్ 15 సెంట్లు అనుకుందాం, అంతా ఇంట్లోనే వాడుకుంటే ఏడాదికి 1,650 డాలర్లు మిగిలి పదిహేనేళ్ళలోపు డబ్బులు తిరిగొస్తాయి. అదే సగం బయటికి పోయి దానికి 5 సెంట్లే ఇచ్చారనుకోండి, 1,100 డాలర్లే మిగుల్తుంది, ఇరవై ఏళ్ళు దాటిపోతుంది. కాబట్టి పగలు ఇంట్లో ఎవరుంటారో చూస్కోండి. వర్క్ ఫ్రం హోమ్ చేస్తూ మధ్యాహ్నం కారు చార్జ్ చేసుకునేవాళ్ళకి, అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలుండి పగలంతా ఏసీ నడిచే ఇంటికి బాగా వర్కౌట్ అవుతుంది. ఇద్దరూ పొద్దున్నే ఆఫీసుకెళ్ళి ఆరింటికొచ్చే ఇల్లయితే అంతగా కాదు.

ఇండియాతో పోల్చి చాలామంది అడుగుతారు, మా ఊళ్ళో నాన్న 3 కిలోవాట్లు పెట్టిస్తే పీఎం సూర్యఘర్ పథకంలో 78 వేల రూపాయల సబ్సిడీ వచ్చింది, ఇక్కడ ఇంత ఖరీదేంటి అని. ఇక్కడ మొత్తం ఖర్చులో ప్యానెల్ ధర తక్కువే, పర్మిట్లు, కూలీ, సేల్స్‌వాళ్ళ కమిషన్, లోన్‌లో కనపడకుండా కలిపే డీలర్ ఫీజు, ఇవే ఎక్కువ. అందుకే క్యాష్ ప్రైస్ ఎంత, లోన్‌లో ఎంత అని రెండూ కాగితం మీద రాయించుకోండి, తేడా చూస్తే గుండె ఆగుతుంది.

హెచ్‌వన్‌బీ మీద ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్త. ఉద్యోగం పోతే 60 రోజుల గడువు ఉండే మనం 25 ఏళ్ళ లీజు మీద, అదీ అద్దె ఏటా 2.9 శాతం పెరిగేదాని మీద సంతకం పెట్టడం నాకు అస్సలు నచ్చదు. ఇల్లు అమ్మాల్సి వస్తే కొనేవాడు ఆ లీజు తీసుకోవాలి, లేదంటే మీరు కట్టేసి వెళ్ళాలి. అయిదారేళ్ళు కదలం అన్న నమ్మకం లేకపోతే వద్దు.

వడగళ్ళు కూడా మర్చిపోవద్దు. ప్యానెల్స్‌ని అంగుళం వడగల్లుకి టెస్ట్ చేస్తారు, మన దగ్గర అంతకంటే పెద్దవి పడతాయి. రూఫ్ మార్చాల్సొస్తే ప్యానెల్స్ దింపి మళ్ళీ బిగించడానికే కొన్ని వేలు అవుతుంది, ఇన్సూరెన్స్ డిడక్టిబుల్ (ముందు మన జేబులోంచి పెట్టుకోవాల్సింది) చాలాసార్లు ఇంటి విలువలో 1, 2 శాతం ఉంటుంది కాబట్టి పాత రూఫ్ మీద అసలు పెట్టించొద్దు. ఇంకోటి, బ్యాటరీ లేకపోతే గ్రిడ్ పోయినప్పుడు సోలార్ కూడా ఆగిపోతుంది, 2021 ఫిబ్రవరిలో మంచు తుఫానుకి కరెంటు పోయిందే, అలాంటిది మళ్ళీ వస్తే ఉత్త ప్యానెల్స్ పనికిరావు.

పర్యావరణం మాటకొస్తే నాకు సందేహమే లేదు. తయారీకి పట్టిన ఎనర్జీని ప్యానెల్ నాలుగేళ్ళలోపే తిరిగి ఇచ్చేస్తుంది, ఆ తర్వాత పాతికేళ్ళు పనిచేస్తుంది. తయారీతో సహా లెక్కేసినా యూనిట్‌కి దాదాపు 40 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, బొగ్గుకి దాదాపు 1,000. టెక్సాస్ కరెంటులో ఇప్పటికీ గ్యాస్‌దే పెద్ద వాటా, ఆగస్టు మధ్యాహ్నం మన రూఫ్ మీద పుట్టే కరెంటు ఎక్కువగా ఆ గ్యాస్‌నే తగ్గిస్తుంది. డబ్బులు కాస్త లేటుగా వచ్చినా పర్లేదు అనుకునే స్తోమత ఉంటే, రూఫ్ కొత్తదైతే, సొంత డబ్బుతో పెట్టించుకోండి, నేనైతే సంతోషిస్తాను.

ఇప్పటికే గుమ్మం దగ్గర సంతకం పెట్టేసి ఉంటే కంగారు పడకండి, ఇంటికొచ్చి అమ్మినవాటికి మూడు బిజినెస్ రోజుల్లో క్యాన్సిల్ చేసుకునే హక్కు ఫెడరల్ రూల్‌లోనే ఉంది. ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా క్యాన్సిలేషన్ ఫారం నింపి ఆ రోజే సర్టిఫైడ్ మెయిల్‌లో పంపండి.